సర్వర్‌లోకి దూరం నుంచి సురక్షితంగా లాగిన్ కావడం: ఎస్‌ఎస్‌హెచ్ సమగ్ర మార్గదర్శి

ఎస్‌ఎస్‌హెచ్ అంటే దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి నెట్ ద్వారా సురక్షితంగా లాగిన్ అయ్యే పద్ధతి. పాస్‌వర్డ్ బదులు మీరెవరో సర్వర్‌కు రుజువు చేసే ఫైల్‌ను అందులో కీ అంటారు. దీని గురించి వరంగల్, హనుమకొండ, కరీంనగర్ వైపు కుర్రాళ్లు అడిగే ప్రశ్నలు రెండు రకాలు. "పాస్‌వర్డ్ గట్టిదే పెట్టుకున్నా కదా, మళ్లీ ఈ కీ ఎందుకు?" అన్నది ఒకటి. "అన్నా, సెట్టింగ్ మార్చిన, ఇప్పుడు నా సర్వర్‌లోకి నేనే పోలేకపోతున్న" అన్నది రెండోది. రెండో రకమే ఎక్కువ. వాళ్లు చేసింది తప్పు పనేమీ కాదు, సరైన పనినే వరుస తప్పి చేశారు. కీ పనిచేస్తుందో లేదో చూడకముందే పాస్‌వర్డ్ ఆపేస్తారు. ఫైర్‌వాల్ (బయటి కనెక్షన్లను అడ్డుకునే కాపలా) ముందు ఆన్ చేసి, పోర్టు (కనెక్షన్ లోపలికి వచ్చే తలుపు నంబరు) సంగతి తర్వాత చూద్దామనుకుంటారు.

అందుకే ఇక్కడ వరుసకే ఎక్కువ చోటు ఇచ్చాను. ఒక మెట్టు పనిచేస్తోందని కళ్లతో చూశాకే తర్వాతి మెట్టుకు వెళ్లండి.

కమాండ్లను ఫోన్లో చెప్పినట్టు తెలుగు అక్షరాల్లో రాశాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాలే వాడండి. పెద్ద అక్షరం కావాల్సిన చోట విడిగా చెప్పాను, ఎందుకంటే చిన్న ఆర్ చేసే పని, పెద్ద ఆర్ చేసే పని ఒకటి కాదు. సర్వర్‌లో ఉబుంటు (లైనక్స్‌లో ఒక రకం) ఉందనుకుని రాశాను. వేరేవాటిలో తేడా ఉన్న చోట చెబుతాను.

1. మొదలుపెట్టేముందు చేతిలో ఉండాల్సినవి

విండోస్ 10, 11లో ఎస్‌ఎస్‌హెచ్ క్లయింట్ సాధారణంగా ముందే ఉంటుంది. పవర్‌షెల్ తెరిచి "ఎస్‌ఎస్‌హెచ్ -వి" కొట్టండి, ఇక్కడ వి పెద్దక్షరం. వెర్షన్ నంబరు కనిపిస్తే చాలు, పుట్టీ లాంటి ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రామ్‌లు విడిగా అక్కర్లేదు. ఫోన్ నుంచి పని చేసేవాళ్లకు ఆండ్రాయిడ్‌లో టెర్మక్స్ అనే, కమాండ్లు కొట్టే యాప్ ఉంది.

వీటిని ఒక కాగితం మీద రాసుకోండి:

- సర్వర్ ఐపీ అడ్రస్ లేదా డొమైన్ పేరు
- సుడో హక్కు (అవసరమైనప్పుడు అడ్మిన్ పనులు చేసే హక్కు) ఉన్న మామూలు యూజర్ పేరు. రూట్ (పూర్తి అధికారాలున్న యూజర్) ఒక్కటే ఉంటే ముందు ఇంకో యూజర్‌ను తయారుచేసి, సుడో పనిచేస్తోందో చూసుకోండి
- పోర్టు నంబరు. మార్చకపోతే 22
- ఎస్‌ఎస్‌హెచ్ పనిచేయకపోయినా లోపలికి వెళ్లే రెండో దారి

ఆ చివరిది లేకుండా ఒక్క సెట్టింగ్ కూడా ముట్టుకోవద్దు. క్లౌడ్ సర్వర్ అయితే ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో కన్సోల్ అని ఉంటుంది, దాంట్లోంచి ఒకసారి లాగిన్ అయి చూడండి. కన్సోల్‌కు యూజర్ పాస్‌వర్డ్ కావాలి, చాలా క్లౌడ్ సర్వర్లలో అసలు పాస్‌వర్డే పెట్టి ఉండదు. కాబట్టి "సుడో పాస్‌డబ్ల్యుడి యూజర్‌పేరు" కొట్టి ఒకటి పెట్టుకోండి. ఆఫీసులో ఉన్న మెషిన్ అయితే మానిటర్, కీబోర్డు పెట్టుకుని ఎదురుగా కూర్చునే రోజే ఈ పని పెట్టుకోండి. నర్సంపేటలో కూర్చుని హనుమకొండ ఆఫీసు మెషిన్‌లో ఫైర్‌వాల్ మార్చడం ఎందుకు?

2. దేనికి కాపలా, దేనికి కాదు

టెల్‌నెట్, పాత ఎఫ్‌టీపీ పాస్‌వర్డ్‌ను ఉన్నది ఉన్నట్టు పంపుతాయి. అదే నెట్‌వర్క్‌లో ట్రాఫిక్ చూడగలిగినవాడు దాన్ని చదివేస్తాడు. ఎస్‌ఎస్‌హెచ్ మూడు పనులు చేస్తుంది: మధ్యలో ఎవరూ చదవకుండా మొత్తం సంభాషణను ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, దారిలో డేటా మారితే పట్టేస్తుంది, అవతల ఉన్నది మన సర్వరో కాదో తేల్చుకునే వీలిస్తుంది.

మీ కంప్యూటర్‌లోనే కీలాగర్ (మీరు కొట్టే ప్రతి అక్షరాన్నీ దొంగిలించే ప్రోగ్రామ్) ఉంటే మాత్రం ఇది ఏమీ చేయలేదు. జిరాక్స్ సెంటర్‌లో, ఇంటర్నెట్ సెంటర్‌లో పెన్‌డ్రైవ్ పెట్టి మీ కీతో లాగిన్ కావద్దు. అర్జెంటయితే మీ ఫోన్లో టెర్మక్స్ నుంచి వెళ్లండి.

3. మొదటి కనెక్షన్: వేలిముద్ర చూడకుండా యెస్ కొట్టొద్దు

మొదటిసారి కనెక్ట్ అయినప్పుడు సర్వర్ ఒక వేలిముద్ర (తనను గుర్తుపట్టే అక్షరాల వరుస) చూపించి కొనసాగాలా అని అడుగుతుంది. దాదాపు అందరూ చదవకుండానే యెస్ కొడతారు. కాలేజీ వైఫైలోనో, కాజీపేట జంక్షన్‌లో పబ్లిక్ వైఫైలోనో ఉండి అలా కొడితే, మధ్యలో దూరినవాడి మెషిన్‌నే మీ సర్వర్ అని మీరే ఒప్పుకున్నట్టు. అక్కడ పాస్‌వర్డ్ కూడా టైప్ చేస్తే అది నేరుగా వాడి చేతికి పోతుంది.

సరైన పద్ధతి:

- వెబ్ కన్సోల్ నుంచి సర్వర్‌లోకి వెళ్లండి
- అక్కడ ఈ కమాండ్ కొట్టండి:

ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ -ఎల్ఎఫ్ /ఈటీసీ/ఎస్‌ఎస్‌హెచ్/ఎస్‌ఎస్‌హెచ్_హోస్ట్_ఈడీ25519_కీ.పబ్

- వచ్చిన వరుసలో "ఎస్‌హెచ్‌ఏ256:" తో మొదలయ్యే భాగాన్ని కాపీ చేసుకోండి
- మీ కంప్యూటర్ నుంచి కనెక్ట్ అయి, ప్రశ్న వచ్చినప్పుడు యెస్ బదులు ఆ భాగాన్నే పేస్ట్ చేయండి

ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 8.0 నుంచి ఈ సౌకర్యం ఉంది. రెండూ కలిస్తేనే ముందుకు పోతుంది, కంటితో ఒక్కో అక్షరం పోల్చే బాధ ఉండదు.

తర్వాత ఎప్పుడైనా "రిమోట్ హోస్ట్ ఐడెంటిఫికేషన్ హ్యాజ్ ఛేంజ్డ్" అని పెద్ద హెచ్చరిక వస్తే ఆగండి. ఎక్కువసార్లు కారణం చిన్నదే: సర్వర్‌లో ఓఎస్ మళ్లీ వేశారు, లేదా ఆఫీసు రౌటర్ అదే ఐపీని ఇంకో మెషిన్‌కు ఇచ్చింది. కానీ కారణం మీకు తెలియాలి. కన్సోల్‌లో కొత్త వేలిముద్ర చూసి, నిజమే అనుకున్నాక పాతదాన్ని తీసేయండి:

ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ -ఆర్ సర్వర్‌అడ్రస్

ఇక్కడ ఆర్ పెద్దక్షరం. ఈ హెచ్చరికే రాకుండా స్ట్రిక్ట్ హోస్ట్ కీ చెకింగ్‌ను (సర్వర్ వేలిముద్రను సరిచూసే తనిఖీని) ఆపేయమని వీడియోల్లో చెబుతుంటారు. ఆ సలహా వినొద్దు.

4. కీ జత తయారుచేయడం

ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ -టి ఈడీ25519 -సి "హనుమకొండ-ల్యాప్‌టాప్"

సి పెద్దక్షరం. దాని తర్వాత కోట్స్‌లో ఇచ్చేది ఊరికే గుర్తు కోసమే అయినా, ఏ మెషిన్ కీయో తెలిసేలా పెట్టండి. పదకొండో మెట్టులో దాని అవసరం పడుతుంది.

ఎక్కడ దాచాలని అడిగితే ఎంటర్ కొట్టండి. పాస్‌ఫ్రేజ్ అడిగినప్పుడు మాత్రం ఎంటర్ కొట్టి దాటేయొద్దు. ల్యాప్‌టాప్ పోతే మీ కీకి, దొంగకు మధ్య ఉండేది అదొక్కటే. నాలుగైదు సంబంధం లేని మాటలు కలిపి పెట్టుకుంటే గుర్తుంటుంది.

రెండు ఫైళ్లు వస్తాయి. చివర ".పబ్" ఉన్నది పబ్లిక్ కీ, ఎవరికిచ్చినా ఫర్వాలేదు. ".పబ్" లేనిది ప్రైవేట్ కీ, అది పుట్టిన మెషిన్ దాటకూడదు.

ఇక్కడ జరిగే పొరపాట్లు:

- ఫైనలియర్ ప్రాజెక్టు టీమ్ అంతా ఒకే ప్రైవేట్ కీని వాట్సాప్ గ్రూప్‌లో పంచుకోవడం. నలుగురుంటే నాలుగు కీలు, నాలుగు పబ్లిక్ కీలను సర్వర్‌లో పెడితే సరిపోతుంది
- ప్రాజెక్టు ఫోల్డర్‌లోనే కీ దాచి, దాన్ని గిట్‌హబ్‌కు పుష్ చేయడం. అలా ఒక్కసారి బయటపడ్డ కీని తర్వాత డిలీట్ చేసి లాభం లేదు, కొత్తది తయారుచేయాల్సిందే
- ల్యాప్‌టాప్ కీనే ఫోన్‌కూ కాపీ చేయడం. ఫోన్లో వేరే కీ చేసుకోండి

పుట్టీ వాడేవాళ్లకు ఒక ముఖ్యమైన విషయం. 0.68 నుంచి 0.80 దాకా ఉన్న వెర్షన్లలో ఒక లోపం ఉంది. వాటితో ఈసీడీఎస్‌ఏ పీ-521 రకం కీని వాడితే, లాగిన్‌లో అది చేసే డిజిటల్ సంతకాలు కొన్ని పోగుచేసుకున్నవాడు ప్రైవేట్ కీనే లెక్కగట్టగలడు. 2024 ఏప్రిల్‌లో 0.81తో సరిచేశారు. పుట్టీని అప్‌డేట్ చేసినంత మాత్రాన పాత కీ బాగుపడదు. ఆ రకం కీ ఉంటే పక్కన పడేసి ఈడీ25519 చేసుకోండి.

ప్రతిసారీ పాస్‌ఫ్రేజ్ కొట్టడం విసుగనిపిస్తే ఏజెంట్ (ఒకసారి తెరిచిన కీని గుర్తుపెట్టుకునే ప్రోగ్రామ్) వాడండి. విండోస్‌లో సర్వీసెస్ తెరిచి "ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ఆథెంటికేషన్ ఏజెంట్"ను ఆటోమేటిక్ చేసి స్టార్ట్ చేయండి, తర్వాత "ఎస్‌ఎస్‌హెచ్-యాడ్" కొట్టండి.

5. పబ్లిక్ కీని సర్వర్‌లో పెట్టడం

లైనక్స్, మ్యాక్ వాళ్లకు ఒక్క కమాండ్: "ఎస్‌ఎస్‌హెచ్-కాపీ-ఐడి యూజర్@సర్వర్". విండోస్‌లో ఇది లేదు. ".పబ్" ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి, ఆ ఒక్క వరుసను కాపీ చేసి, సర్వర్‌లో మీ హోమ్ ఫోల్డర్‌లోని ".ఎస్‌ఎస్‌హెచ్/ఆథరైజ్డ్_కీస్" అనే ఫైల్ చివర పేస్ట్ చేయండి. పేస్ట్ చేసినప్పుడు అది రెండు వరుసలుగా విరిగితే పనిచేయదు.

తర్వాత పర్మిషన్లు, అంటే ఎవరు చదవొచ్చో, ఎవరు రాయొచ్చో చెప్పే అంకెలు:

- ".ఎస్‌ఎస్‌హెచ్" ఫోల్డర్‌కు 700
- "ఆథరైజ్డ్_కీస్" ఫైల్‌కు 600
- మీ హోమ్ ఫోల్డర్‌లో ఇతరులకు రాసే హక్కు ఉండకూడదు

మూడోదాన్ని ఎవరూ పట్టించుకోరు. వెబ్‌సైట్ పనిచేయడం లేదని ఎప్పుడో హోమ్ ఫోల్డర్‌కు 777 (అందరికీ అన్ని హక్కులు) ఇచ్చి ఉంటారు. అప్పటినుంచి సర్వర్ కీని మాట్లాడకుండా తిరస్కరిస్తుంది, కారణం మీ తెరమీద రాదు, సర్వర్ లాగ్‌లో మాత్రం ఉంటుంది.

అవతలిది విండోస్ మెషిన్ అయి, మీ యూజర్ అడ్మినిస్ట్రేటర్ అయితే కీ పెట్టే చోటే వేరు. సీ డ్రైవ్‌లో "ప్రోగ్రామ్‌డేటా" ఫోల్డర్, అందులో "ఎస్‌ఎస్‌హెచ్", అందులో "అడ్మినిస్ట్రేటర్స్_ఆథరైజ్డ్_కీస్". ఆ ఫైల్ హక్కులు అడ్మినిస్ట్రేటర్స్‌కు, సిస్టమ్‌కు మాత్రమే ఉండాలి.

ఇప్పుడు కొత్త విండోలో లాగిన్ అయి, ఏం అడుగుతోందో చదవండి. "ఎంటర్ పాస్‌ఫ్రేజ్ ఫర్ కీ" అంటే కీ పనిచేస్తోంది. యూజర్ పేరు చూపించి "పాస్‌వర్డ్" అంటే కీ పనిచేయలేదు, సర్వర్ పాత పద్ధతికి దిగింది. ఏజెంట్ ఉంటే ఏదీ అడగకుండానే లోపలికి పంపుతుంది. ఈ తేడా గమనించకుండా ఏదో ఒకటి టైప్ చేసి లోపలికి వెళ్లి, కీ సెట్ అయిందనుకునేవాళ్లే తర్వాతి మెట్టులో బయట చిక్కుకుంటారు.

6. పాస్‌వర్డ్ లాగిన్ ఆపడం

పబ్లిక్ ఐపీ ఉన్న ఏ సర్వర్‌లోనైనా "సుడో జర్నల్‌సీటీఎల్ -యు ఎస్‌ఎస్‌హెచ్" కొట్టి చూడండి. రూట్, అడ్మిన్, టెస్ట్ లాంటి పేర్లతో పాస్‌వర్డ్‌లు ప్రయత్నించిన వరుసలు కనిపిస్తాయి. మీ మీద ఎవరికీ కక్ష లేదు, బాట్‌లు (తమంతట తామే నడిచే ప్రోగ్రామ్‌లు) అన్ని ఐపీలనూ అలాగే తడుముతుంటాయి. మీ పాస్‌వర్డ్ గట్టిదే కావచ్చు. కానీ అదే సర్వర్‌లో మీ స్నేహితుడికి చేసిచ్చిన అకౌంట్ పాస్‌వర్డ్ మాటేమిటి? పాస్‌వర్డ్ పద్ధతినే ఆపేస్తే ఆ టెన్షన్ పోతుంది.

ఈ వరుస మార్చకండి:

ఒకటి. ఇప్పుడు లాగిన్ అయి ఉన్న విండోను మూయొద్దు. సర్వీస్ రీలోడ్ చేసినా నడుస్తున్న సెషన్ తెగదు, ఏదైనా చెడితే సరిచేసుకోవడానికి అదే ఆధారం.

రెండు. "/ఈటీసీ/ఎస్‌ఎస్‌హెచ్/ఎస్‌ఎస్‌హెచ్‌డి_కాన్ఫిగ్.డి/" ఫోల్డర్‌లో "00-మన.కాన్ఫ్" లాంటి పేరుతో, ఇంగ్లిష్ అక్షరాల్లోనే, కొత్త ఫైల్ చేసి ఈ మూడు వరుసలు రాయండి:

పాస్‌వర్డ్‌ఆథెంటికేషన్ నో
కేబీడీఇంటరాక్టివ్‌ఆథెంటికేషన్ నో
పర్మిట్‌రూట్‌లాగిన్ నో

మొదటి మాటలో మధ్యన స్పేస్ ఉండదు. పెద్ద, చిన్న అక్షరాల తేడా ఆ మొదటి మాటలకు లేదు కానీ, తర్వాత వచ్చే "నో" చిన్నక్షరాల్లోనే రాయండి.

పేరు ముందు 00 ఎందుకంటే, ఈ సెట్టింగ్‌లలో మొదట చదివిన విలువే చెల్లుతుంది, తర్వాత వచ్చేది కాదు. కొన్ని క్లౌడ్ సర్వర్లలో ఇదే ఫోల్డర్‌లో "50-క్లౌడ్-ఇనిట్.కాన్ఫ్" అనే ఫైల్ ముందే ఉండి, అందులో పాస్‌వర్డ్‌కు యెస్ అని ఉంటుంది. జనం అసలు ఫైల్‌లో నో అని రాసుకుని పని అయిపోయిందనుకుంటారు. పాస్‌వర్డ్ తలుపు తెరిచే ఉంటుంది.

మూడు. "సుడో ఎస్‌ఎస్‌హెచ్‌డి -టి", చిన్న టి. ఏమీ చెప్పకపోతే రాసిన దాంట్లో తప్పు లేనట్టు. ఏదైనా చెబితే సరిచేసి మళ్లీ కొట్టండి.

నాలుగు. "సుడో సిస్టమ్‌సీటీఎల్ రీలోడ్ ఎస్‌ఎస్‌హెచ్". ఆల్మా, రాకీ లైనక్స్‌లలో ఆఖరి మాట "ఎస్‌ఎస్‌హెచ్‌డి".

ఐదు. పాత విండో అలాగే ఉంచి, కొత్త విండోలో కీతో లాగిన్ కండి. సుడో కూడా ఒకసారి వాడి చూడండి.

ఆరు. ఇప్పుడు కావాలనే కీ లేకుండా ప్రయత్నించండి:

ఎస్‌ఎస్‌హెచ్ -ఓ పబ్‌కీఆథెంటికేషన్=నో యూజర్@సర్వర్

పాస్‌వర్డ్ అడగకుండానే "పర్మిషన్ డినైడ్" అంటూ బయటికి పంపాలి. పాస్‌వర్డ్ అడిగితే ఇంకో ఫైల్ ఏదో అడ్డుపడుతోంది. "సుడో ఎస్‌ఎస్‌హెచ్‌డి -టి", ఈసారి పెద్ద టి, నిజంగా అమల్లో ఉన్న విలువలన్నీ చూపిస్తుంది.

ఏడు. ఇవన్నీ సరిపోయాకే పాత విండో మూయండి.

కొందరు "అలౌ‌యూజర్స్" వరుస కూడా చేరుస్తారు. మంచిదే, కానీ అందులో లేని ఎవరికీ ప్రవేశం ఉండదు. యూజర్ పేరులో ఒక్క అక్షరం తప్పినా అది మిమ్మల్నే ఆపుతుంది.

7. ఫైర్‌వాల్, పోర్టు, అప్‌డేట్లు

ఉబుంటులో ఫైర్‌వాల్ కమాండ్ పేరు యూఎఫ్‌డబ్ల్యు. ముందు "సుడో యూఎఫ్‌డబ్ల్యు అలౌ ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్", అందులో ఓ, ఎస్‌ఎస్‌హెచ్ పెద్దక్షరాలు. ఆ తర్వాతే "సుడో యూఎఫ్‌డబ్ల్యు ఎనేబుల్". తిరగేశారో, కన్సోల్ తప్ప దారి లేదు.

22ను వేరే పోర్టుకు మార్చడం మీద అనవసరంగా చాలా చర్చ జరుగుతుంది. లాగ్‌లో చెత్త తగ్గుతుంది, అంతే. కీ ఉండి, పాస్‌వర్డ్ ఆగి ఉంటే నా లెక్కలో అది తప్పనిసరి కాదు. మార్చాలనుకుంటే ఉబుంటు 24.04లో ఒక మెలిక ఉంది: అక్కడ పోర్టు తెరిచేది "ఎస్‌ఎస్‌హెచ్.సాకెట్". కాబట్టి సెట్టింగ్ మార్చాక "సిస్టమ్‌సీటీఎల్ డెమన్-రీలోడ్", తర్వాత ఆ సాకెట్‌ను రీస్టార్ట్ చేయాలి.

అప్‌డేట్లు ఆటోమేటిక్‌గా పడేలా పెట్టండి. 2024 జులైలో బయటపడ్డ రిగ్రెస్‌ఎస్‌ఎస్‌హెచ్ అనే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ లోపం లాగిన్ కాకముందే పనిచేసేది, అలాంటిదానికి కీ ఉన్నా రక్షణ లేదు.

8. కరెంటు పోయినా పని ఆగకుండా

వానాకాలంలో కరెంటు పోతుంది, దాంతోపాటు రౌటర్ పోతుంది, సర్వర్‌లో సగం నడిచిన అప్‌గ్రేడ్ కూడా పోతుంది. దీనికి మందు టీమక్స్ అనే ప్రోగ్రామ్. లాగిన్ కాగానే "టీమక్స్" కొట్టి, పని దాని లోపల మొదలుపెట్టండి. కనెక్షన్ తెగినా సర్వర్‌లో పని నడుస్తూనే ఉంటుంది. మళ్లీ వచ్చి "టీమక్స్ అటాచ్" అంటే వదిలిన చోటే తేలతారు. ఓఎస్ అప్‌గ్రేడ్, పెద్ద డేటాబేస్ బ్యాకప్ లాంటివి టీమక్స్ లేకుండా మొదలుపెట్టవద్దు.

మీ కంప్యూటర్‌లో ".ఎస్‌ఎస్‌హెచ్/కాన్ఫిగ్" ఫైల్ ఇలా రాసుకుంటే రోజూ అడ్రస్ కొట్టే పని ఉండదు:

హోస్ట్ షాప్
హోస్ట్‌నేమ్ మీసర్వర్‌అడ్రస్
యూజర్ మీయూజర్‌పేరు
సర్వర్‌అలైవ్‌ఇంటర్వల్ 30
ఐడెంటిటీస్‌ఓన్లీ యెస్

ఇక "ఎస్‌ఎస్‌హెచ్ షాప్" అంటే చాలు. నాలుగో వరుస వల్ల ఖాళీగా ఉన్న కనెక్షన్‌ను మధ్యలో రౌటర్ తెంపేయడం తగ్గుతుంది.

ఫైళ్లు పంపడానికి ఎస్‌ఎఫ్‌టీపీ, లేదా "ఆర్‌సింక్ -ఏవీపీ" వాడండి, పీ ఒక్కటే పెద్దక్షరం. పెద్ద ఫైల్ మధ్యలో ఆగితే, మళ్లీ అదే కమాండ్ కొట్టినప్పుడు అప్పటికే చేరిన భాగాన్ని వాడుకుంటుంది. విండోస్‌లో బొమ్మలతో కావాలంటే విన్‌ఎస్‌సీపీ ఉంది.

9. ఆఫీసు డెస్క్‌టాప్‌ను ఇంటి నుంచి చూడటం

నా దృష్టిలో ఎస్‌ఎస్‌హెచ్ అసలు లాభం ఇక్కడుంది, ఎక్కువమంది ప్రమాదంలో పడేదీ ఇక్కడే. ఎనుమాముల మార్కెట్లో మిర్చి సీజన్ నడుస్తోందనుకోండి, అడ్తి ఆఫీసులో ట్యాలీ ఉన్న కంప్యూటర్‌ను అకౌంటెంట్ రాత్రి ఇంటి నుంచి చూసుకోవాలి. ఎవరో వచ్చి రౌటర్‌లో 3389 పోర్టు తెరిచి, "ఇక ఎక్కడి నుంచైనా రిమోట్ డెస్క్‌టాప్ వస్తది" అని చెప్పి వెళ్తారు. వస్తుంది, ప్రపంచం మొత్తానికీ వస్తుంది. రాన్సమ్‌వేర్ ముఠాలు లోపలికి దూరే తెలిసిన దారుల్లో ఇదొకటి. లెక్కల ఫైళ్లన్నీ తాళం పడి, డబ్బు అడిగే నోట్ ఒకటి తెరమీద మిగులుతుంది.

ఇలా తెరిచి ఉంటే ఈరోజే మూయించండి. దాని బదులు టన్నెల్ (ఎస్‌ఎస్‌హెచ్ లోపలి నుంచి వేరే కనెక్షన్‌ను సురక్షితంగా పంపే దారి) వేద్దాం.

ముందు ఒకటి చూసుకోవాలి. ఆఫీసు రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ (ఇంటర్నెట్ కంపెనీ ఆ రౌటర్‌కు ఇచ్చిన అడ్రస్) 100.64 నుంచి 100.127 మధ్య మొదలవుతుంటే, ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లు పంచుకుంటున్నట్టు. అప్పుడు బయటి నుంచి ఆ ఆఫీసుకు నేరుగా రాలేరు. ఆఫీసు మెషినే బయటికి వచ్చి కలవాలి. దీనికి మధ్యలో చిన్న క్లౌడ్ సర్వర్ ఒకటి కావాలి, అది ఆరో మెట్టు దాటినదై ఉండాలి. ఏడబ్ల్యూఎస్ వాడేవాళ్లకు 2022 నవంబరు నుంచి హైదరాబాద్ రీజియన్ కూడా ఉంది, దగ్గరిది కాబట్టి తెర తొందరగా కదులుతుంది.

మొదట, ఆ క్లౌడ్ సర్వర్‌లో సుడో లేని "టన్నెల్" అనే యూజర్‌ను చేయండి. ఆఫీసు మెషిన్‌లో ఈ పనికే ఒక కీ చేసి, దాని పబ్లిక్ కీని ఆ యూజర్‌కు పెట్టండి. ఈ కీ దానంతట అదే పనిచేయాలి కనుక పాస్‌ఫ్రేజ్ ఉండదు. అందుకే ఆథరైజ్డ్ కీస్‌లో ఆ వరుస మొదట రిస్ట్రిక్ట్,పోర్ట్-ఫార్వర్డింగ్,కమాండ్="/బిన్/ఫాల్స్" అని, ఆ కోట్స్‌తో సహా రాసి ఒక స్పేస్ ఇవ్వండి. ఆ కీతో టన్నెల్ తప్ప కమాండ్ లైన్ దొరకదు.

తర్వాత ఆఫీసు విండోస్ మెషిన్‌లో:

ఎస్‌ఎస్‌హెచ్ -ఎన్ -ఆర్ 3390:లోకల్‌హోస్ట్:3389 టన్నెల్@క్లౌడ్‌సర్వర్

ఎన్, ఆర్ రెండూ పెద్దక్షరాలు. మామూలు సెట్టింగ్‌లో ఈ 3390 క్లౌడ్ సర్వర్ లోపలికి మాత్రమే కనిపిస్తుంది, బయటి ఇంటర్నెట్‌కు కాదు. "గేట్‌వేపోర్ట్స్"ను యెస్ చేయమని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు, మళ్లీ మొదటికే వస్తుంది.

ఇంటి కంప్యూటర్‌లో, మీ సొంత కీతో:

ఎస్‌ఎస్‌హెచ్ -ఎన్ -ఎల్ 3390:లోకల్‌హోస్ట్:3390 మీయూజర్@క్లౌడ్‌సర్వర్

ఎల్ కూడా పెద్దక్షరమే. తర్వాత రిమోట్ డెస్క్‌టాప్ తెరిచి అడ్రస్‌లో "లోకల్‌హోస్ట్:3390" ఇవ్వండి.

సరిచూసుకోవాల్సినవి:

- ఆఫీసు మెషిన్‌లో విండోస్ ప్రో ఉందా? హోమ్ ఎడిషన్‌కు బయటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్ రాదు
- మెషిన్ నిద్రపోకుండా పవర్ సెట్టింగ్ మార్చారా?
- కరెంటు వచ్చాక టన్నెల్ దానంతట అదే లేచేలా టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టారా? కమాండ్‌లో "-ఓ ఎగ్జిట్‌ఆన్‌ఫార్వర్డ్‌ఫెయిల్యూర్=యెస్", "-ఓ సర్వర్‌అలైవ్‌ఇంటర్వల్=30" కలపండి. లేకపోతే టన్నెల్ చచ్చిపోయినా బతికున్నట్టే కనిపిస్తుంది
- రౌటర్‌లో పాత 3389 నిజంగా మూసి ఉందా?

డేటాబేస్‌కూ ఇదే పద్ధతి. మైఎస్‌క్యూఎల్ 3306ను బయటికి తెరవకుండా, పెద్ద ఎల్‌తో "3307:127.0.0.1:3306" అని టన్నెల్ వేసి మీ కంప్యూటర్‌లో 3307కు కనెక్ట్ కండి.

10. తెరమీద వచ్చే మాట, దాని మందు

"కనెక్షన్ టైమ్డ్ అవుట్": అవతలి నుంచి జవాబే లేదు. ఐపీ తప్పు, మెషిన్ ఆఫ్, లేదా ఫైర్‌వాల్. క్లౌడ్ అయితే సెక్యూరిటీ గ్రూప్ (క్లౌడ్ కంపెనీ వైపు ఉండే ఫైర్‌వాల్) చూడండి.

"కనెక్షన్ రెఫ్యూజ్డ్": మెషిన్ దాకా చేరారు, ఆ పోర్టులో ఎవరూ వినడం లేదు. సర్వీస్ ఆగిందా, పోర్టు మార్చారా చూడండి.

"పర్మిషన్ డినైడ్", బ్రాకెట్లో "పబ్లిక్‌కీ": యూజర్ పేరు తప్పు, లేదా ఐదో మెట్టులోని పర్మిషన్లు. "ఎస్‌ఎస్‌హెచ్ -వి", చిన్న వి, కొడితే ఏ కీ పంపుతోందో కనిపిస్తుంది. అసలు కారణం సర్వర్ లాగ్‌లో ఉంటుంది.

"టూ మెనీ ఆథెంటికేషన్ ఫెయిల్యూర్స్": ఏజెంట్‌లో కీలు ఎక్కువై, సరైనది రాకముందే సర్వర్ ఓపిక అయిపోయింది. కాన్ఫిగ్‌లో "ఐడెంటిటీస్‌ఓన్లీ యెస్"తో పాటు "ఐడెంటిటీఫైల్" వరుసలో కీ దారి రాయండి.

"అన్‌ప్రొటెక్టెడ్ ప్రైవేట్ కీ ఫైల్": మీ కంప్యూటర్‌లో ప్రైవేట్ కీని ఇతర యూజర్లు కూడా చదవగలుగుతున్నారు. లైనక్స్‌లో 600 ఇవ్వండి. విండోస్‌లో ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి ఇన్‌హెరిటెన్స్ ఆపి, మీ యూజర్‌ను మాత్రం ఉంచండి.

11. ల్యాప్‌టాప్ పోయినా, ఉద్యోగి మానేసినా

- ఇంకో మెషిన్ నుంచి లేదా కన్సోల్ నుంచి లోపలికి వెళ్లి, ఆథరైజ్డ్ కీస్‌లో ఆ మెషిన్ పేరున్న వరుస తీసేయండి. కీ చేసేటప్పుడు పెట్టిన గుర్తు ఇక్కడ పనికొస్తుంది
- అన్ని యూజర్ల ఫైళ్లూ చూడండి, రూట్‌ది కూడా
- వరుస తీసేస్తే కొత్త లాగిన్లే ఆగుతాయి. "హూ" కొట్టి ఇప్పటికే లోపల ఎవరున్నారో చూసి, ఆ సెషన్‌ను తెంపండి. టన్నెల్ మాత్రమే వేసుకుని కూర్చున్నవాడు ఆ జాబితాలో కనిపించడు, కాబట్టి "పీఎస్"లో ఎస్‌ఎస్‌హెచ్‌డి ప్రాసెస్‌లు కూడా చూడండి
- "లాస్ట్" కొట్టి ల్యాప్‌టాప్ పోయిన సమయం తర్వాత లాగిన్లు ఉన్నాయేమో చూడండి
- "క్రాన్‌ట్యాబ్"లో (టైమ్ ప్రకారం తమంతట తామే నడిచే పనుల జాబితాలో), కొత్త యూజర్లలో మీకు తెలియనిది ఏదైనా ఉందేమో చూడండి. ఉంటే ఆ సర్వర్‌ను శుభ్రం చేస్తూ కూర్చోకండి, డేటా బ్యాకప్ నుంచి కొత్తది కట్టుకోండి

ఆఫీసు లేదా కంపెనీ సర్వర్‌లోకి నిజంగానే ఎవరో దూరారని తేలితే, సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం గమనించిన 6 గంటల్లోపు వాళ్లకు తెలియజేయాలి, లాగ్‌లు 180 రోజులు దాచి ఉంచాలి. కాబట్టి కంగారులో లాగ్‌లు చెరిపేయొద్దు, ముందు వాటిని వేరే మెషిన్‌కు కాపీ చేసుకోండి. డబ్బు కూడా పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.